జారే తలుపు ఎందుకు మొరాయిస్తుంది?

కొత్త ఫ్లాటు చూడటానికి వెళ్లినవాళ్లు హాలుకీ బాల్కనీకీ మధ్య ఉన్న పెద్ద అద్దాల తలుపు దగ్గర కాసేపు ఆగుతారు. అద్దం ఎంత పెద్దదో, అందులోంచి బయట ఏం కనిపిస్తోందో, ఫ్రేము నలుపో తెలుపో చూస్తారు. ఒక్క వేలితో నెట్టగానే సర్రున జరిగిందంటే సరే అనుకుని వంటగది చూడటానికి వెళ్తారు. వంగి కింద ట్రాక్ వైపు చూసేవాళ్లు చాలా తక్కువ. నాలుగేళ్లు గడిచాక అదే తలుపు తీయాలంటే రెండు చేతులతో పిడి పట్టుకుని, కాలు గోడకు తన్నిపెట్టి లాగాల్సి వస్తుంది. అద్దం మరీ బరువు, అందుకే ఇలా అయిందని ఇంట్లో తీర్మానం జరిగిపోతుంది.

అద్దం మొదటిరోజు ఎంత బరువుందో ఇవాళా అంతే ఉంది. మారినవన్నీ నేలకు రెండంగుళాల ఎత్తులోపే ఉన్నాయి: చక్రాలు, అవి దొర్లే ట్రాక్, వాన నీళ్లు బయటికి పోయే కన్నాలు. ఉన్న తలుపు బాగుచేయాలన్నా, కొత్తది ఎంచుకోవాలన్నా చూపు అక్కడ మొదలుపెట్టి పైకి పోవాలి. షోరూములో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు.

బరువెంత, లాగే బలమెంత

కిటికీ గాజు సాంద్రత నీటికి రెండున్నర రెట్లు. అందువల్ల ఒక చదరపు మీటరు గాజు ప్రతి మిల్లీమీటరు మందానికీ రెండున్నర కిలోలు తూగుతుంది. ఎనిమిదడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న మామూలు బాల్కనీ తలుపుకు రెండు రెక్కలుంటాయి. ఒక్కో రెక్క సుమారు 1.2 మీటర్ల వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు. 6 మి.మీ. గాజు వేస్తే అద్దమొక్కటే 38 కిలోలు. చుట్టూ ఉండే అల్యూమినియం కూడా కలిపితే 45 కిలోలకు అటూఇటూ. సిమెంటు బస్తాకు ఓ అయిదు కిలోలు తక్కువ. ఈ బరువంతా రెక్క అడుగున రెండు మూలల్లో దాగివున్న రోలర్ల మీద పడుతుంది.

దాన్ని పక్కకు జరపడానికి ఎంత బలం కావాలో ఘర్షణ గుణకం చెబుతుంది. మంచి బేరింగున్న చక్రం శుభ్రమైన ట్రాక్ మీద దొర్లేటప్పుడు ఆ గుణకం 0.01, 0.02 దగ్గర ఉంటుంది. కిలో బలం కూడా పెట్టక్కర్లేదు. అదే చక్రం బిగుసుకుపోయి, దొర్లడం మానేసి ఈడ్చుకుంటూ పోతే గుణకం 0.2, 0.3 దాకా ఎగబాకుతుంది. అప్పుడు 9 నుంచి 13 కిలోల బలం పెట్టాలి. బరువు గ్రాము కూడా పెరగలేదు, శ్రమ మాత్రం పది రెట్లు దాటింది.

దీన్ని ఇంట్లోనే కొలుచుకోవచ్చు. పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో సూట్‌కేసు 23 కిలోలు దాటిందో లేదో చూసుకునే కొక్కెం తూనిక బీరువాలో ఎక్కడో ఒకచోట ఉంటుంది. తలుపు పిడికి గట్టి తాడు కట్టి, ఆ కొక్కేనికి తగిలించి, నేలకు సమాంతరంగా నెమ్మదిగా లాగాలి. తలుపు కదిలే క్షణంలో అంకె పైకెగిరి, కదిలాక కొంత దిగుతుంది. ఈ దిగిన అంకెను ఈ చివర నుంచి ఆ చివర దాకా గమనిస్తూ పోతే రోగం ఎక్కడుందో తేలిపోతుంది. దారంతా ఒకేలా ఎక్కువగా ఉంటే తప్పు చక్రాలది. ఒకేచోట గతుక్కుమని పెరిగితే ఆ చోట ట్రాక్ సొట్టపడింది, లేదా ఏదో ఇరుక్కుంది. మూసే చివర అయిదారు అంగుళాల్లోనే పెరిగితే రెక్క ఒరిగి పక్క ఫ్రేముకు రాసుకుంటోంది.

ఎంతుంటే బాగున్నట్టు? అమెరికాలో దివ్యాంగుల సౌకర్యం కోసం పెట్టిన ఏడీఏ ప్రమాణాలు, భవనం లోపలి జరిపే తలుపు 5 పౌండ్లకు మించిన బలం అడగకూడదంటాయి. అంటే రెండుంపావు కిలోలు. బాల్కనీ తలుపుకు ఆ నిబంధన వర్తించకపోయినా, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లున్న ఇంట్లో గుర్తుపెట్టుకోదగ్గ అంకె అది.

చక్రాన్ని ఆపేది ఇసుక రేణువు

బాల్కనీ దుమ్ములో ఎక్కువ పాలు సన్నటి ఇసుకే. ఇసుకలో ప్రధానంగా ఉండే క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7. అల్యూమినియం మూడు కూడా దాటదు. చవక తలుపుల్లో వేసే నైలాన్ చక్రం ఇంకా మెత్తన. ఇరవై కిలోల పైబడిన బరువు కింద ఇసుక రేణువు పడితే అది చక్రంలో దిగబడి అక్కడే ఉండిపోతుంది. ఇక చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ రేణువు ట్రాక్‌ను గీరుతుంది. ట్రాక్ మీద వేలు పెట్టి రాస్తే రంపంలా గరుకు తగలడం, వేలికి బూడిదరంగు పొడి అంటడం ఈ గీరుడు ఫలితమే.

ఇసుకకు తోడు వెంట్రుకలు, దారాలు ఇరుసు చుట్టూ చుట్టుకుపోతాయి. తడిగుడ్డతో నేల తుడిచేటప్పుడు మురికినీళ్లు ట్రాక్‌లోకి జారి, దుమ్ముతో కలిసి బురదై, ఎండాక గట్టిపడతాయి. పావురాలు చేరే బాల్కనీ అయితే ఈకలూ రెట్టా అదనం. బేరింగు ఇనుపదైతే తుప్పు పడుతుంది. నెలల తరబడి తీయకుండా ఉంచిన తలుపుకు ఇంకో చిక్కుంది. బరువు ఎప్పుడూ ఒకేచోట ఆని ఉండటంతో నైలాన్ చక్రం అక్కడ చదునవుతుంది. ఆ తర్వాత ఎప్పుడు జరిపినా టక్, టక్ అని ఒకే లయలో చప్పుడొస్తుంది. ఆ లయ వినిపించిందంటే శుభ్రం చేసి లాభం లేదు, చక్రాలు మార్చాల్సిందే.

ఈ దశలో చాలామంది చేసే పని ట్రాక్‌లో కొబ్బరినూనె పోయడం. ఒకట్రెండు రోజులు తలుపు హాయిగా జరుగుతుంది. ఆ తర్వాత నూనె దుమ్మును పట్టి ఉంచి, ఇసుక కలిసిన జిగురుముద్దగా మారుతుంది. గ్రీజు రాసినా అంతే. ట్రాక్‌కు కావాల్సింది పొడిగా ఆరిపోయే సిలికాన్ స్ప్రే, అదీ పలచగా, ముందు శుభ్రం చేశాకే.

బాగుచేసే వరుస

పనిలో వరుస తప్పితే శ్రమ రెట్టింపవుతుంది. ముందు పొడిగా శుభ్రం చేయాలి, నీళ్లు తర్వాత. పాత టూత్‌బ్రష్‌తో ట్రాక్ మూలల్లో గట్టిపడిన మట్టిని రేపి, వ్యాక్యూమ్ క్లీనర్‌తో లాగేయాలి. వ్యాక్యూమ్ లేకపోతే పెయింటు బ్రష్షుతో ఒక చివరికి ఊడ్చి ఎత్తేయాలి. ఆ తర్వాతే సబ్బునీళ్ల గుడ్డ. చాలా తలుపులు ఇక్కడికే దారికొస్తాయి.

రాకపోతే రెక్క అడుగున, పక్క అంచు మీదో ముందువైపో చిన్న కన్నం కోసం వెతకాలి. ప్లాస్టిక్ బిరడా పెట్టి మూసి ఉంటుంది. దాన్ని ఊడదీస్తే లోపల స్క్రూ తల కనిపిస్తుంది. అది చక్రాన్ని పైకీ కిందకీ కదిపే స్క్రూ. చాలా నమూనాల్లో కుడివైపు తిప్పితే చక్రం కిందికి దిగి, రెక్క ఆ మూలన పైకి లేస్తుంది. ఇక్కడే ఒక మెళకువ ఉంది. ఇరవై కిలోలు మోస్తున్న స్క్రూను అలాగే తిప్పబోతే తల అరిగి గుండుగా మిగులుతుంది. ఇంకొకరు ఆ మూల కింద చెక్కముక్కతో రెక్కను కొంచెం ఎత్తిపట్టుకుంటే స్క్రూ సులువుగా తిరుగుతుంది. ఒకేసారి ఎక్కువ తిప్పకుండా సగం చుట్టు చొప్పున తిప్పి చూసుకోవాలి. తలుపును అంగుళం తెరిచి, రెక్కకూ పక్క ఫ్రేముకూ మధ్య సందు పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పుందేమో చూడటమే దీనికి పరీక్ష.

రెక్క ఎత్తు మారితే గొళ్లెం కొక్కెం ఫ్రేములోని దాని గాడికి ఎదురుపడదు. లాకు పాడైందని కొత్తది కొనేముందు ఫ్రేముకు బిగించిన ఆ చిన్న లోహపు పలకకున్న స్క్రూలు వదులు చేసి, రెండు మూడు మిల్లీమీటర్లు పైకో కిందకో జరిపి చూస్తే సరిపోవచ్చు. లాకు పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుకు అసలు మూలం ఇలా చక్రంలో ఉండటం మామూలే.

చక్రాలు మార్చాలంటే రెక్కను బయటికి తీయాలి. పై ఫ్రేములో గాడి లోతుగా ఉంటుంది. రెక్కను పైకెత్తితే పైభాగం ఆ గాడిలోకి దూరి, అడుగుభాగం ట్రాక్ మీదనుంచి లేస్తుంది. అడుగును తమవైపు లాగితే రెక్క చేతికొస్తుంది. రెక్కను ఎత్తనివ్వకుండా పైగాడిలో ప్లాస్టిక్ దిమ్మ ఒకటి అడ్డం పెట్టి ఉంటుంది, ముందు దాని స్క్రూ విప్పాలి. దొంగలు బయటినుంచి రెక్క ఎత్తి తీయకుండా పెట్టిన రక్షణ అది. పని అయ్యాక మళ్లీ బిగించడం మరిచిపోతే లాకు ఎంత గట్టిదైనా ఉపయోగం లేదు.

ఈ పని ఒక్కరు చేసేది కాదు. ఇద్దరుండాలి, కాళ్లకు చెప్పులు, చేతులకు గ్లవుజులు ఉండాలి. నేలమీద దుప్పటి మడత వేసి దానిమీదే రెక్కను ఆనించాలి. దుప్పటి ఎందుకో తెలియాలంటే గాజు కథలోకి వెళ్లాలి.

పగలడానికి సిద్ధంగా ఉండే గాజు

కరిగిన గాజుబొట్టు నీళ్లలో పడితే తోకచుక్క ఆకారంలో గట్టిపడుతుంది. దాని తలమీద సుత్తితో కొట్టినా పగలదు. సన్నటి తోక చిటుక్కుమని విరిచామా, మొత్తం బొట్టు పొడిపొడి అవుతుంది. ఈ వింతను జర్మన్ యువరాజు రూపర్ట్ 1660 ప్రాంతంలో ఇంగ్లండు రాజు రెండో చార్లెస్‌కు చూపించాడు, రాజు రాయల్ సొసైటీకి పంపాడు. జవాబు తేలడానికి మూడు శతాబ్దాలు దాటింది. 1994లో పర్డ్యూ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీనివాసన్ చంద్రశేఖర్, కేంబ్రిడ్జికి చెందిన మునవర్ చౌధరి అతివేగపు కెమెరాలతో చూసి, తోకనుంచి బయల్దేరిన పగులు సెకనుకు ఒకటిన్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరుగెత్తుతుందని చూపించారు. 2017లో టాలిన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన హిల్లర్ ఆబెన్‌తో కలిసి చేసిన అధ్యయనంలో, బొట్టు పైపొర 700 మెగాపాస్కల్స్ దాకా నొక్కుడులో ఉందని కొలిచారు.

బాల్కనీ తలుపులో వేసే టఫెన్డ్ గాజు ఇదే సూత్రం మీద తయారవుతుంది. కోసి, అంచులు సానబట్టిన పలకను 620 డిగ్రీల సెల్సియస్ పైన వేడిచేసి, రెండువైపులా చల్లగాలి జోరుగా ఊదుతారు. పైపొరలు ముందు గట్టిపడతాయి. లోపలి గాజు తర్వాత చల్లబడి ముడుచుకోబోతూ ఆ పొరలను లోపలికి లాగిపట్టుకుంటుంది. పైపొర నొక్కుడులో, లోపలి భాగం లాగుడులో శాశ్వతంగా చిక్కుకుపోతాయి. గాజు పగలాలంటే పైన ఉన్న సన్నని గీత తెరుచుకోవాలి. నొక్కుడు దాన్ని తెరుచుకోనివ్వదు. అందుకే మామూలు గాజుకన్నా దీనికి నాలుగైదు రెట్ల బలం. మామూలు గాజు పలకలో ఒక భాగం ఎండలో, ఇంకో భాగం నీడలో ఉండి నలభై డిగ్రీల తేడా వస్తే పగలొచ్చు. టఫెన్డ్ గాజు 200 డిగ్రీల తేడాను కూడా ఓర్చుకుంటుంది.

దాని బలహీనత అంచుల్లో ఉంది. పలక మధ్యలో బంతి తగిలినా చలించని గాజు, మూల గ్రానైట్ నేలకు టక్కున తగిలితే ఒక్కసారిగా రాలిపోతుంది. నొక్కుడు పొరను దాటి దెబ్బ లోపలికి చేరడానికి మూలకన్నా అనువైన చోటు లేదు. దుప్పటి అవసరం అదే. ఒకసారి టఫెన్ చేశాక గాజును కోయడం కుదరదు, కన్నం పెట్టడమూ కుదరదు. పగిలిన పలక స్థానంలో కొత్తది కావాలంటే ముందే సరిగ్గా కొలిచి చేయించుకోవాలి. కొలత నాలుగు మిల్లీమీటర్లు పెద్దదైతే ఆ పలక దేనికీ పనికిరాదు.

అరుదుగా, ఎవరూ తాకకుండానే పగిలిన సంఘటనలూ ఉన్నాయి. తయారీలో చొరబడిన నికెల్ సల్ఫైడ్ నలుసు దీనికి కారణం. వేడిలో చిన్నగా ఉండే ఆ పదార్థ రూపం, గాజు హఠాత్తుగా చల్లబడటంతో మారడానికి వ్యవధి లేక అలాగే బిగిసి ఉంటుంది. నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో రూపం మారి కొద్దిగా ఉబ్బుతుంది. నలుసు లాగుడు భాగంలో ఉంటే పలక అంతటితో సరి. హీట్ సోక్ అనే పరీక్షలో పలకలను కొన్ని గంటలు వేడిమీద ఉంచి, అలాంటివి ఫ్యాక్టరీలోనే పగిలేలా చేస్తారు.

పగిలితే మొద్దు అంచుల చిన్న ముక్కలవడమే టఫెన్డ్ గాజుకున్న అసలు విలువ. రెండో ప్రపంచయుద్ధం తర్వాత అమెరికా ఇళ్లలో అద్దాల తలుపులు వెల్లువలా వచ్చాయి. తెరిచి ఉందనుకుని పరుగెత్తిన పిల్లలు మామూలు గాజులోంచి దూసుకుపోయి దారుణంగా గాయపడేవారు. 1977 జులై నుంచి అమలైన కేంద్ర నిబంధనతో అక్కడి స్లైడింగ్ తలుపులకు సేఫ్టీ గాజు తప్పనిసరైంది. మన దేశంలో దీనికి ఐఎస్ 2553 ప్రమాణం ఉంది. పలక మూలలో ఆ ముద్ర ఉండాలి. ముద్రతో పాటు ఇంకో పరీక్షా చేయొచ్చు. పోలరైజ్డ్ నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఆకాశం వెలుగు పడుతున్న అద్దాన్ని ఏటవాలుగా చూస్తే టఫెన్డ్ గాజులో వరసగా మచ్చలు కనిపిస్తాయి. చల్లగాలి గొట్టాలు వదిలిన జాడలవి. మామూలు గాజులో అవి ఉండవు.

వాననీళ్ల లెక్క

తలుపు మూసే ఉంది, అయినా గాలివానకు హాల్లోకి నీళ్లొచ్చాయి. సిలికాన్ ఊడిపోయిందని అందరూ అనుమానిస్తారు. ముందు చూడాల్సింది మళ్లీ కింది రెండంగుళాలే.

స్లైడింగ్ తలుపు జరగాలంటే సందు ఉండాలి. ఆ సందును ఉన్నితో చేసినట్టుండే మెత్తటి బ్రష్ పట్టీ మూస్తుంది. నీళ్లను ఆ బ్రష్ పూర్తిగా ఆపలేదు. అందుకే ట్రాక్‌లోకి కొంత నీరు రావడాన్ని ఒప్పుకుని, బయటివైపు కన్నాల గుండా పోయేలా దాన్ని తయారుచేస్తారు. అయితే గాలి ఆ నీటిని లోపలికి తోస్తుంది. గాలి ఒత్తిడి పాస్కల్స్‌లో, వేగం సెకనుకు మీటర్లలో తీసుకుంటే, వేగం వర్గాన్ని 0.6తో గుణిస్తే ఒత్తిడి వస్తుంది. గంటకు 72 కిలోమీటర్ల ఈదురుగాలి అంటే సెకనుకు 20 మీటర్లు, ఒత్తిడి 240 పాస్కల్స్. ఆ ఒత్తిడి నీటిని రెండున్నర సెంటీమీటర్ల ఎత్తుకు నిలబెట్టగలదు. ట్రాక్ లోపలి గోడ అంతకన్నా పొట్టిగా ఉంటే నీరు దాన్ని దాటి హాల్లోకి దిగుతుంది. ఎన్ని ట్యూబుల సిలికాన్ పూసినా ఈ లెక్క మారదు.

కన్నాలు మట్టితో పూడిపోతే చిన్న వానకే అదే గతి. చీమలూ పురుగులూ వస్తున్నాయని కన్నాలను మూసేసే ఇళ్లున్నాయి. ఆ తర్వాత నీరు పోయేదారి హాలే. వానాకాలం ముందు ట్రాక్‌లో ఒక చెంబెడు నీళ్లు పోసి, అవి బాల్కనీవైపు ఎంతసేపట్లో కారిపోతున్నాయో చూడటం మంచి పరీక్ష. నిలబడిపోతే సన్నటి తీగతో కన్నాలు పొడవాలి.

ఐఎస్ 875 ప్రమాణం ప్రకారం భవనాల రూపకల్పనకు హైదరాబాదులో గాలివేగం సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నం, విజయవాడల్లో 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ తుఫానులో గాలి దాదాపు ఆ వేగాన్నే అందుకుంది. 50 మీటర్లంటే 1500 పాస్కల్స్, చదరపు మీటరుకు 150 కిలోల పైమాట. అయిదు చదరపు మీటర్ల తలుపు మీద ముప్పావు టన్ను. అదే లెక్కన నీరు 15 సెంటీమీటర్ల ఎత్తుకు లేస్తుంది. ఇంటి తలుపులకు అంత ఎత్తు గడప పెట్టరు. కాబట్టి తుఫాను రాత్రి కొంత నీరు లోపలికి రావడం తప్పదు. రాకూడనిది గాజు.

ఫ్లోరిడా ఈ పాఠం 1992లో ఆండ్రూ తుఫాను తర్వాత నేర్చుకుంది. మయామీ-డేడ్ కౌంటీలో తలుపుల పరీక్షకు 9 పౌండ్ల చెక్కదూలాన్ని సెకనుకు 50 అడుగుల వేగంతో గాజు మీదికి విసురుతారు. గాజు పగిలినా ఫర్వాలేదు, ఫ్రేములోంచి ఊడిపడకూడదు. టఫెన్డ్ గాజు ఒక్కటే అయితే ఈ పరీక్షలో నిలవదు, రాలిపోతుంది. నిలిచేది రెండు పలకల మధ్య పీవీబీ ప్లాస్టిక్ పొర అతికించిన లామినేటెడ్ గాజు. ఫ్రెంచి రసాయన నిపుణుడు ఎడ్వార్ బెనెడిక్టస్ 1909లో పేటెంటు తీసుకున్న ఆలోచనే దీనికి మూలం. విశాఖ బీచి వైపు ఫ్లాటుకైనా, పదో అంతస్తు బాల్కనీకైనా ఇదే తగింది. పగిలినా ముక్కలు కిందవాళ్ల నెత్తిన పడవు.

ఎండ లెక్క

కొత్త తలుపు ఎంచుకునేటప్పుడు డబుల్ గ్లేజింగ్ వేయించుకోమనే సలహా మొదట వినిపిస్తుంది. రెండు పలకల మధ్య గాలి పొర వేడి ప్రసారాన్ని తగ్గిస్తుందన్నది నిజం. ఎంత తగ్గిస్తుందో లెక్క వేస్తే బేరం స్పష్టమవుతుంది. మే నెలలో బయట 40 డిగ్రీలు, ఏసీ గదిలో 25. ఒంటిపలక గాజు గుండా చదరపు మీటరుకు డిగ్రీకి 5.8 వాట్లు లోపలికి ప్రవహిస్తాయి. అయిదు చదరపు మీటర్ల తలుపుకు 435 వాట్లు. డబుల్ గ్లేజింగ్ దాన్ని సగం చేస్తుంది.

ఆ తలుపు పడమర వైపుంటే సంగతి వేరు. సాయంత్రం ఎండ నిలువు గోడమీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్లు పడుతుంది. రంగూ పూతా లేని గాజు అందులో ఎనభై శాతం పైగా లోపలికి పంపుతుంది. అయిదు చదరపు మీటర్లకు 2,400 వాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ తీసేయగల వేడి 5,200 వాట్ల చిల్లర కాబట్టి, దాని సత్తాలో సగానికి దగ్గర ఈ తలుపు ఒక్కటే మింగేస్తుంది. గాజు రెండు పలకలైనా, అవి రంగూ పూతా లేనివైతే ఎండలో చాలా భాగం వచ్చేస్తుంది. పడమటి తలుపుకు అడగాల్సింది ఎండవేడిని ఎంత లోపలికి రానిస్తుందో చెప్పే ఎస్‌హెచ్‌జీసీ అంకె. రంగూ పూతా లేని గాజుకు అది 0.8. పూత పూసిన మంచి గాజుల్లో అది 0.3 దగ్గరకు వస్తుంది.

పై అంతస్తు బాల్కనీ నీడనిస్తుందిగా అంటే, అది దిక్కును బట్టి ఉంటుంది. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే మధ్యలో సాయంత్రం నాలుగుంపావుకు సూర్యుడు 33 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. తలుపు నెత్తిన నాలుగడుగుల స్లాబు ముందుకు వచ్చివుంటే పడమటి తలుపు మీద నీడ 0.8 మీటర్లు మాత్రమే దిగుతుంది. మిగతా 1.3 మీటర్ల గాజు ఎండలోనే. అదే స్లాబు దక్షిణపు తలుపుకు డిసెంబరు మధ్యాహ్నం కూడా సగానికి పైగా నీడనిస్తుంది. మే మధ్యలో మిట్టమధ్యాహ్నానికి సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు కాబట్టి దక్షిణపు తలుపుకు ఎండ సూటిగా తగలదు. దక్షిణపు తలుపుకు ఖరీదైన గాజు అనవసరం. పడమటి తలుపుకు బాల్కనీ బయటి అంచున వెదురు తెర దించితే, గాజు దాకా రాకముందే ఎండ ఆగుతుంది.

గాలి సంగతీ చూసుకోవాలి. ఇళ్ల కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో రెండు రెక్కల స్లైడింగ్ తలుపును దాని విస్తీర్ణంలో సగం మాత్రమే తెరుచుకునేదిగా లెక్కిస్తారు. రెక్కలు కీళ్ల మీద తెరుచుకునే తలుపుకు తొంభై శాతం. ఉక్కపోత ఎక్కువైన కోస్తాలో ఈ తేడా చిన్నది కాదు. మూడు ట్రాకుల తలుపులో మూడు గాజు రెక్కలు పెడితే మూడింట రెండొంతులు తెరుచుకుంటుంది. మూడో ట్రాకులో దోమల జాలి రెక్క పెడితే మళ్లీ సగమే.

అల్యూమినియమా, యూపీవీసీయా

అల్యూమినియం వేడిని సెకనులో దాటిస్తుంది, యూపీవీసీ అనే గట్టి ప్లాస్టిక్ అడ్డుకుంటుంది. ఉష్ణవాహకతలో రెండింటికీ వెయ్యి రెట్లకు పైగా తేడా. కానీ తలుపులో ఫ్రేము పాలు కొంతే. స్లైడింగ్ తలుపుకు ఇంకో గుణం ముఖ్యం. వేడికి అల్యూమినియం కన్నా యూపీవీసీ మూడు రెట్లు ఎక్కువ సాగుతుంది. 2.4 మీటర్ల ఫ్రేము ముప్పై డిగ్రీలు వేడెక్కితే అల్యూమినియం రెండు మిల్లీమీటర్ల లోపు, యూపీవీసీ అయిదు మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. ఉదయం సాఫీగా జరిగిన తలుపు సాయంత్రం బిగుసుకుంటే కారణం ఇదే కావచ్చు. యూపీవీసీ గొట్టం లోపల జింకు పూత పూసిన ఉక్కు పెట్టారా, పడమటి ఎండలో ముదురు రంగు వేస్తున్నారా అని అడగాలి.

సముద్రం దగ్గర అల్యూమినియానికి ఉప్పుగాలి శత్రువు. పైపూత ఎంత మందముందో మైక్రాన్లలో అడగాలి. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. ఉప్పు తడిలో మామూలు ఇనుప స్క్రూకూ అల్యూమినియానికీ మధ్య విద్యుత్తు ప్రవాహం పుట్టి, స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది.

బిగించే రోజున పనివాళ్ల పక్కన రసమట్టం, టేపు పట్టుకుని నిలబడితే ఆ తర్వాత చాలా ఖర్చు తప్పుతుంది. అడుగు ఫ్రేము మట్టంగా ఉందా, మూల నుంచి మూలకు రెండు కొలతలూ సమానంగా వచ్చాయా అన్నవే రెండు ప్రశ్నలు. కొలతలు తేడా వస్తే ఫ్రేము ఒరిగిందన్నమాట. చక్రాల స్క్రూలు కొంతవరకే సర్దగలవు. ఆ ఒరుగుడు తర్వాత బయటపడితే గోడ పగలగొట్టాలి.

కొటేషన్ కాగితం మీద గాజు మందం, ఫ్రేము రంగు అందరూ రాసిస్తారు. రోలరు ఎన్ని కిలోలు మోస్తుంది, బేరింగు ఏ లోహానిది, ట్రాక్ మీద స్టెయిన్‌లెస్ స్టీలు పట్టీ ఉందా, లోపలి గోడ ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు, నీటి కన్నాలు ఎన్ని అన్నవి అడిగి రాయించుకోవాలి. డబుల్ గ్లేజింగ్ వేయిస్తే రెక్క బరువు 80 కిలోలు దాటుతుంది, 45 కిలోలకని పెట్టిన రోలరు దానికి చాలదు. ఫ్రేము సెక్షన్ పేరు, రోలరు నమూనా నంబరు రాసుకుని, ఒక జత రోలర్లు ఆరోజే అదనంగా కొని పెట్టుకోవాలి. ఆరేడేళ్ల తర్వాత ఆ కంపెనీ ఆ నమూనా ఆపేస్తే, కొలత సరిపోయే చక్రం దొరక్క రెక్కలు మొత్తం మార్చుకున్న ఇళ్లున్నాయి.